రెండు నొప్పులు... ఒకే మాత్ర

అక్కాచెల్లెళ్లం మేం ఇద్దరమే. అక్కది తాడేపల్లిగూడెం, నాది ఏలూరు. మధ్యలో యాభై కిలోమీటర్లు కూడా ఉండవు. ఇక్కడ రైలెక్కి పక్కసీటావిడతో నాలుగు కబుర్లు చెప్పేసరికి గూడెం వచ్చేస్తుంది. అలాంటిది 2020 మార్చి నుంచి పది నెలల పాటు మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మా ఇంట్లో ఎనభై ఏళ్ల అత్తగారు, ఆవిడకి షుగరు. రాకపోకలు వద్దనుకున్నాం. కష్టం సుఖం అన్నీ ఫోన్లోనే. ఆ ఫోన్లలో మేం ఎక్కువగా మాట్లాడుకున్నది కరోనా గురించి కాదంటే మీరు నమ్ముతారా?

"ఏం చేస్తున్నావే?"

"మెడ పట్టేసిందక్కా. అమృతాంజనం రాసుకుని కూచున్నా. నువ్వో?"

"నడుం లాగేస్తందే. ఉప్పు కాపడం పెట్టుకుంటున్నా."

ఇదీ వరస! ఆవిడకి నడుం, నాకు మెడ. ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. ఇద్దరం ఒకే కారణం చెప్పుకున్నాం. చెరో డాక్టరుగారూ ఫోన్లోనే మాట్లాడి ఇద్దరికీ ఒకే రకం నొప్పి మాత్ర రాశారు. నా మెడ రెండు నెలలకల్లా దారికొచ్చింది. అక్క నడుంలో ఎముకను క్రిములు తినేస్తున్నాయని మాకు తెలిసేసరికి 2021 జనవరి వచ్చింది.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఏడాది నొప్పులు పెరిగాయన్న సంగతి అందరికీ గుర్తుంది. నొప్పికి పేరు పెట్టడం ఆగిపోయిందన్న సంగతి మాత్రం మా ఇంట్లాంటి ఇళ్లకే గుర్తుంది.

పనంతా నడుం మీదే

మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి లాక్‌డౌన్. మొదటి వారం సరదాగానే ఉంది. అందరం ఇంట్లోనే, మూడు పూటలా వేడివేడిగా వండుకోవచ్చు అనుకున్నాం. వండేది ఎవరో అప్పుడు తెలిసొచ్చింది! పనమ్మాయిని రావద్దన్నాం. అంట్లు, బట్టలు, తడిగుడ్డ పెట్టడం, బజారు నుంచి తెచ్చిన ప్రతి కూరగాయా ఉప్పు నీళ్లలో కడగడం. పొద్దున్న వంచిన నడుం రాత్రి పదింటికి గానీ ఎత్తడం లేదు. ఒక్కమాట చెప్పాలి. ఆ పనమ్మాయి నాలుగిళ్లలో అదే పని పదేళ్లుగా చేస్తోంది. "నడుం నొప్పమ్మా" అని ఆమె అన్నప్పుడల్లా మేం ఒక మాత్ర చేతిలో పెట్టి ఊరుకున్నాం. మాకొచ్చేసరికి అది జబ్బయింది.

నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. జూన్ నుంచి ఫోన్లో పాఠాలు. బియ్యం డబ్బా మీద కందిపప్పు డబ్బా, దానికి ఫోను ఆనించి, నేను కింద చాప మీద. తల వంచుకుని రోజుకి ఐదు గంటలు. సాయంత్రం అదే ఫోన్లో పిల్లలు పంపిన నోటు పుస్తకాల ఫొటోలు పెద్దవి చేసుకుని దిద్దడం. అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చేసి ఒళ్లో తలగడ, తలగడ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగం చేసేవాడు. మా పక్కింటి పిన్నిగారు డ్వాక్రా గ్రూపులో ఉన్నారు. రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రకటించింది కదా, ఆ కుట్టు పని మహిళా సంఘాలకే వచ్చింది. పిన్నిగారు రాత్రి పదకొండు దాకా మిషను తొక్కేవారు. "డబ్బులొస్తున్నాయి గానీ మెడ తిరగట్లేదమ్మా" అని గోడ మీంచి చెప్పేవారు.

మన తల బరువు దాదాపు ఐదు కిలోలు. నిటారుగా ఉంటే ఆ ఐదే మెడ మోస్తుంది. అరవై డిగ్రీలు ముందుకి వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలతో సమానమని 2014లో ఒక అమెరికా వెన్నెముక సర్జన్ లెక్కగట్టాడు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ! అది కాగితం మీద వేసిన లెక్కే అనుకోండి. నా మటుకు నాకు వంగడం కంటే కదలకపోవడమే ఎక్కువ చేటు చేసిందనిపిస్తుంది. బడికెళ్లే రోజుల్లో క్లాసు క్లాసుకీ మెట్లెక్కేదాన్ని, బోర్డు మీద రాసేదాన్ని, బస్సు కోసం పరుగెత్తేదాన్ని. అవన్నీ ఒక్కరోజులో ఆగిపోయాయి.

నొప్పి పెరిగింది, రోగులు తగ్గారు!

మరి ఇంతమందికి నొప్పులొస్తే ఆసుపత్రులు కిటకిటలాడాలి కదా? సరిగ్గా దానికి ఎదురు జరిగింది. కరోనా తొలి నెలల్లో మన దగ్గరే కాదు, అమెరికా వంటి దేశాల్లో కూడా నడుము, మెడ నొప్పులతో డాక్టరు దగ్గరికొచ్చేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. నొప్పులు పోయి కాదు, మనుషులు వెళ్లక. చిన్న క్లినిక్కులు మూతపడ్డాయి. పెద్దాసుపత్రులు కొవిడ్‌కి కేటాయించారు. ఒంటి మీద చెయ్యేస్తే తప్ప జరగని వైద్యం ఫిజియోథెరపీ, అది అసలే ఆగిపోయింది. పుస్తకంలో ఎక్కే నొప్పి తగ్గింది, ఒంట్లో ఉన్న నొప్పి అలాగే ఉంది.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్రం ఫోన్ వైద్యానికి నిబంధనలు విడుదల చేసింది. ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో 14410 నంబరుతో టెలిమెడిసిన్ మొదలైంది. కాదనను, ఎంతోమందికి అది ప్రాణం లేచొచ్చినట్టయింది. షుగరు మాత్రలు మార్చుకోవాలన్నా, చంటిపిల్లకి విరేచనాలన్నా ఫోన్ చాలు. నడుం నొప్పికి మాత్రం డాక్టరు వేలితో వెన్నుపూస మీద తట్టి చూడాలి, పడుకోబెట్టి కాలు పైకెత్తించాలి, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాలి, మడమల మీద నడిపించాలి. ఇవేవీ ఫోన్లో కుదరవు. ఫోన్లో అడగ్గలిగింది ప్రశ్నలే. ఆ ప్రశ్నలకి మనం నిజం చెప్పాలి.

మేం చెప్పలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

ఈలోగా మా కొల్లేరు వైపు ఆడవాళ్ల మాట చెప్పకపోతే అన్యాయం. వ్యవసాయానికి లాక్‌డౌన్ మినహాయింపు ఇచ్చారు. ఊరంతా ఇంట్లో కూచుంటే వాళ్లు నడుం వంచి నాట్లు వేశారు, కలుపు తీశారు. రొయ్యల షెడ్లు మళ్లీ తెరిచాక తడి గచ్చు మీద గంటల తరబడి నిలబడి తలలు ఒలిచారు. కైకలూరు దగ్గర నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిణ్ణి "నడుం నొప్పికి ఎప్పుడైనా డాక్టరుకి చూపించుకున్నావా?" అని అడిగాను. నవ్వేసింది. "నొప్పి లేని నడుం ఎలా ఉంటదో చూపించండమ్మా" అంది. కరోనాకి ముందూ, కరోనాలోనూ, ఆ తర్వాతా ఏ ఆసుపత్రి లెక్కలోనూ ఆమె లేదు.

అక్క దాచిన జ్వరం

సెప్టెంబరులో ఒకరోజు అక్క గొంతు తగ్గించి చెప్పింది. "ఎవరితోనూ అనకే. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. పొద్దున్నకి మామూలే."

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇంటింటికీ వలంటీరు, ఆశా వర్కరు వచ్చి "ఎవరికైనా జ్వరమా, ఒళ్లు నొప్పులా?" అని రాసుకునేవాళ్లు. అవునంటే పరీక్ష. పరీక్షలో తేలితే వీధికి అడ్డంగా కర్రలు కట్టడం, చుట్టుపక్కల వాళ్ల చూపులు. బావగారు ఉల్లిపాయల కొట్లో గుమాస్తా. ఇంట్లో జ్వరం ఉందంటే మర్నాటి నుంచి కొట్లోకి రానివ్వరు.

"ఎవరికీ చెప్పకు. అడిగితే లేదను" అన్నాను నేను. డెబ్భైమంది పిల్లలకి లెక్కలు చెప్పే పంతులమ్మని, నేనే అన్నాను.

అక్క వలంటీరుకి లేదంది. ఫోన్లో డాక్టరుగారు "జ్వరం ఏమైనా ఉందామ్మా?" అని అడిగితే ఆయనకీ లేదంది. ఆయన తన ముందున్న మాటల్ని బట్టి మందు రాశారు. నొప్పి మాత్ర, పైన రాసుకునే జెల్లు, నడుముకి బెల్టు. ఆయన్ని నేను తప్పుపట్టలేను.

ఇంకో రెండు గుర్తులు కూడా మా కళ్లెదుటే ఉన్నాయి. అక్క సన్నబడింది. వీడియో కాల్లో చూసి "ఏంటక్కా, స్లిమ్మయిపోయావ్! పని చేసుకోవడం మంచిదే" అని మెచ్చుకున్నాను. ఆవిడా మురిసిపోయింది. రెండోది, పడుకున్నా నొప్పి తగ్గకపోవడం. పనివల్ల వచ్చిన నొప్పి పడుకుంటే కాస్త సర్దుకుంటుంది. నాకు అలాగే ఉండేది. అక్క మాత్రం తెల్లవారుజామున మూడింటికి లేచి వసారాలో తిరిగేది. "నిద్ర పట్టట్లేదు, వయసు మీద పడింది" అనుకుంది. యాభై రెండేళ్లు.

ఏలూరులో ఆ డిసెంబరు

నవంబరు చివర్లో కుడికాలు తిమ్మిరెక్కుతోందంది. అప్పుడు భయమేసింది. డిసెంబరు రెండో వారంలో ఏలూరు తీసుకొచ్చి చూపిద్దామని బావగారూ మా ఆయనా అనుకున్నారు. డిసెంబరు 5, శనివారం. మా ఊళ్లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. వన్‌టౌన్ వైపు నుంచి మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం, మూర్ఛ, నోట్లో నురగ. వారం తిరిగేసరికి ఆరొందల మంది పైచిలుకు. ఒకాయన చనిపోయారు. కరోనా పరీక్షలు చేస్తే లేదని వచ్చింది. ఢిల్లీ నుంచి ఎయిమ్స్ వాళ్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు దిగారు. రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షల్లో వచ్చింది. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకెళ్లారు.

అధికారులు చెప్పిన లక్షణాల్లో మూర్ఛ, వాంతులు, మతిమరుపుతో పాటు తలనొప్పి, నడుం నొప్పి కూడా ఉన్నాయి. విచిత్రం చూడండి! ఎండాకాలంలో నడుం నొప్పి అని చెప్పుకోవడానికే భయపడ్డ మా వీధి, డిసెంబరులో ఏ కాస్త నడుం పట్టినా ఆటో ఎక్కింది. ఒకే నొప్పి. మార్చిలో ఇంటి పని, జూలైలో కరోనా, డిసెంబరులో వింత జబ్బు. ఎప్పుడు ఏ భయం ఊళ్లో ఉంటే దానికి ఆ పేరు.

సహజంగానే అక్క ప్రయాణం ఆగిపోయింది. "ఏలూరా? వద్దు బాబూ" అన్నారు అక్కడ అందరూ. సంక్రాంతి వెళ్లాక గానీ రాలేదు. కారు దిగుతుంటే చూశాను. పది నెలల తర్వాత చూడటం. ఒక చేత్తో డోరు పట్టుకుని, రెండో చేత్తో తొడ మీద ఒత్తుకుంటూ లేచింది.

ఎముకల డాక్టరుగారు ఆవిణ్ణి బోర్లా పడుకోబెట్టి వెన్ను మీద వేళ్లతో ఒక్కొక్క పూసా తట్టుకుంటూ వచ్చారు. ఒకచోట అక్క కెవ్వుమంది. నిమిషం కూడా పట్టలేదు! "సాయంత్రాలు జ్వరం వస్తోందా అమ్మా?" అన్నారు. అక్క నా వైపు చూసింది.

ఎమ్మారైలో పక్కపక్క రెండు పూసలు, వాటి మధ్య డిస్కు దెబ్బతిని, పక్కన చీము చేరిందని వచ్చింది. సూదితో నమూనా తీసి పరీక్షిస్తే టి.బి. అని ఖాయమైంది. టి.బి. అంటే దగ్గే అనుకుంటాం. ఎముకల్లో వచ్చే టి.బి.లో సుమారు సగం వెన్నెముకకే వస్తుందట. దగ్గు ఉండదు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు. ఇంకా ఆలస్యమైతే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉందన్నారు. ఊపిరితిత్తుల్లో లేకపోతే మామూలుగా ఇతరులకి అంటదని చెప్పాక గానీ అక్క మనవడి బట్టలు ముట్టుకోలేదు.

ఆ ఏడాది ఇలా లెక్కకి అందకుండా పోయింది మా అక్క ఒక్కతే కాదు. దేశంలో 2019లో 24 లక్షల మందికి టి.బి. ఉన్నట్టు నమోదైతే 2020లో 18 లక్షల మందే నమోదయ్యారు. ఆరు లక్షల మందికి టి.బి. రాకుండా పోయిందా? మా అక్కలాగే ఎక్కడో బెల్టు కట్టుకుని, కాపడం పెట్టుకుని ఉండి ఉంటారు.

ఆ తర్వాత ఏడాదిన్నర మందులు. ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. తిండి కోసం నెలకి 500 రూపాయలు అప్పట్లో బ్యాంకు ఖాతాలో పడేవి. 2024 నవంబరు నుంచి అది వెయ్యి చేశారు. 2021 ఏప్రిల్, మేల్లో రెండో అల ముంచేసినప్పుడు కూడా బావగారు రెండు మాస్కులు పెట్టుకుని వెళ్లి మాత్రలు తెచ్చేవారు. ఒక్కరోజు మానలేదు.

ఏ నొప్పికి ఆగాలి, ఏ నొప్పికి పరుగెత్తాలి

ఇదంతా చదివి ప్రతి నడుం నొప్పికీ ఎమ్మారై తీయించుకోమని చెప్తున్నానని అనుకునేరు. కానే కాదు! నూటికి తొంభై నడుం నొప్పులకి ఫలానా ఎముకో నరమో కారణమని వేలు పెట్టి చూపించలేరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి, 20.3 కోట్ల మందికి మెడ నొప్పి ఉన్నాయని ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం అంచనా. రెండూ మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. వీళ్లందరూ యంత్రంలో దూరితే ఒరిగేదేం లేదు. స్కానులో వయసుతో వచ్చే చిన్నా చితకా మార్పులు కనిపించి, లేనిపోని బెంగ పట్టుకుంటుంది కూడా.

నా మెడే చూడండి. బడులు తెరిచే ముందు ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికెళ్లాను. ఫోన్ని కళ్లకి ఎదురుగా వచ్చేలా ఎత్తించింది, అరగంటకోసారి లేపింది, భుజాలకీ మెడకీ నాలుగు వ్యాయామాలు నేర్పింది. అంతే. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం వంటివాటికే పెద్దపీట. నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడొద్దంది. మందుల షాపులో కొన్న బెల్టు మా అటక మీద ఇంకా ఉంది! (అక్కకి ఎముక దెబ్బతిన్నది కాబట్టి డాక్టరు కొలత తీసి కట్టించిన పట్టీ వేరు, ఇది వేరు.)

పరుగెత్తాల్సిన నొప్పి ఏదో మాత్రం ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి. పడుకున్నా తగ్గనిది. దానికి తోడు జ్వరం, బరువు తగ్గడం. కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం. పడిపోయిన తర్వాత వచ్చింది. ఎప్పుడో కేన్సర్ వచ్చి తగ్గినవాళ్లకి కొత్తగా మొదలైంది. మూత్రం తెలియకుండా పోవడం, కూచునే చోట స్పర్శ తెలియకపోవడం అయితే తెల్లారేదాకా కూడా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి.

కొవిడ్ వచ్చి ఆసుపత్రిలో స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. తుంటి ఎముక పైభాగానికి రక్తం అందక ఎముక చచ్చుబడటం 2021లో ముంబయి డాక్టర్లు అలాంటి కొందరిలో చూశారు. గజ్జల్లోనో, తొడలోనో, పిరుదుల్లోనో నొప్పి మొదలవుతుంది. మనం నడుం నొప్పే అనుకుంటాం. డాక్టరుకి చెప్పేటప్పుడు ఆ పాత మందుల చీటీ కూడా తీసుకెళ్లాలి.

అక్కకి మందులు అయిపోయి ఇన్నేళ్లయింది. జ్వరం లేదు, కాలు తిమ్మిరి పోయింది. వెన్ను మాత్రం ఆ రెండు పూసల దగ్గర కాస్త ముందుకి వంగిపోయింది. అది ఇక సరికాదన్నారు. కిందటి నెల్లో పెళ్లికని వచ్చినప్పుడు రవికలు కుట్టించడానికి పక్కింటి పిన్నిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ టేపు పెట్టి ఒకసారి కొలిచి, మళ్లీ కొలిచి, "వెనక భాగం రెండంగుళాలు ఎక్కువ పెట్టాలమ్మా, లేకపోతే పైకి లాగేస్తది" అన్నారు మెల్లగా, నొచ్చుకుంటూ.

"అయితే బట్ట ఎక్కువ పట్టుద్దా?" అంది అక్క. "మా చెల్లెలి దగ్గర తీసుకోండి డబ్బులు. అదే నన్ను జ్వరం దాచమంది."

ముగ్గురం నవ్వాం. నేనే కాస్త ఆలస్యంగా.